కాయకము, గానము : ఇంటిపెద్దను స్మరించు విధము



ఇంటిపెద్ద లింగైక్యము చెందిన పిమ్మట ఆ యింట మిగులునది ఏమి? పొలము మిగులును, ఇల్లు మిగులును, లెక్కల పుస్తకము మిగులును. గోడమీద ఒక చిత్రపటము, దానికొక పూలదండ మిగులును. కాని ఆ పెద్ద నిజముగా మిగిల్చిపోయినది వీనిలో ఏదియు కాదు. ఆయన నడచిన నడవడి, చేసిన కాయకము, పాడిన పాట మాత్రమే ఆయన నిజమైన ఆస్తి. పొలమును కొలచి పంచుకొనవచ్చును. ఈ ఆస్తిని ఎట్లు పంచుకొనవలెను? దీనిని తెలియనిచో గణారాధన ఎంత ఘనముగా జరిపినను అది భోజనపు పంక్తులతోనే ముగియును.

ఈ విషయమును విచారించుటకు ఆర్మూరును చూడుడు. నిజామాబాదు జిల్లాలోని ఈ పట్టణమునకు పైన నవనాథ సిద్ధుల గుట్ట నిలిచియున్నది. నల్లని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఆ గుట్టమీద సిద్ధేశ్వరుడు వెలసియున్నాడు. తొమ్మండుగురు సిద్ధులు అచట తపమొనర్చిరని స్థలపురాణము. ఆరును మూరును కలిసి తొమ్మిది కావున ఆ యూరికి ఆర్మూరను పేరు వచ్చెనని జనులు చెప్పుకొందురు. గుట్టక్రింద నేల పసుపునేల. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి ప్రాంతములలో పసుపు పండించుట తరతరముల వృత్తి. పండిన పంట నిజామాబాదు గంజునకు చేరును. కొంత సరకు మహారాష్ట్రమందలి సాంగ్లీ వరకు పోవును.

ఇట్టి పట్టణమున ఒక వీరశైవ గృహమును, ఆ గృహమున ఒక పెద్దను దృష్టాంతముగా మనస్సున నిలుపుకొనుడు. ఆయనకు ఇచట పేరు పెట్టవలసిన పనిలేదు. చదువరి తన తండ్రి పేరునో, తాత పేరునో ఆ స్థానమున ఉంచుకొనవచ్చును. తెల్లవారక మునుపే లేచి స్నానముచేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరతలమున నుంచి పూజించువాడు. ఎండ ముదురక ముందే పొలము చేరువాడు. సాయంకాలము శ్రుతిపెట్టె తెరచి, మనుమల చేతికి తాళములిచ్చి, వచనములు పాడువాడు. ఇట్టి పెద్దలు మన యిండ్లలో ఉండిరి, ఉన్నారు. వారిని ఎట్లు స్మరించుటో నేర్చుకొనుటయే ఈ ప్రవచనమునకు ప్రయోజనము.

మొదట కాయకమును విచారింతము. కాయకమనగా కేవలము జీవనోపాధి కాదు. పొట్టకొరకు చేయు పని అందరును చేయుదురు. ఎద్దును చేయును. సత్యముతో చేసి, అవసరమునకు మించి ఆశింపక, ఫలమును గురు లింగ జంగమములకు దాసోహముగా అర్పించునప్పుడే పని కాయకమగును. ఏ పనియు హీనము కాదనుట దానికి పునాది. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణపు అనుభవ మంటపములో బట్టలుతుకు మాచయ్యయు, పడవనడపు చౌడయ్యయు, తోలుపని చేయు కక్కయ్యయు, మంత్రిపదవిలోనున్న బసవేశ్వరునితో సమానముగా కూర్చుండిరి. వారిని అచటికి చేర్చినది వంశము కాదు, కాయకము.

పసుపు పండించుట ఎట్టి కాయకమో ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఎరుగని పట్టణవాసులైన పిల్లలకు చెప్పవలెను. జూన్ మాసమున తొలకరి పడగానే విత్తనపు కొమ్ములను నాటుదురు. ఎనిమిది, తొమ్మిది మాసములు ఆ పైరు నేలలోనే ఉండును. కలుపు తీయవలెను, నీరు పెట్టవలెను, దుంపకుళ్లు రాకుండ కాపాడవలెను. జనవరి మొదలుకొని ఆకు కోసి, దుంప త్రవ్వి, కొమ్మును మండను వేరుచేసి, కడాయిలలో ఉడికింతురు. పిమ్మట పది పదిహేను దినములు కల్లమున ఎండబెట్టుదురు. పచ్చిపసుపు సుమారు ఐదు పాళ్లు ఎండిన పిమ్మట ఒక పాలుగా మిగులును. తక్కిన నాలుగు పాళ్లు ఆవిరియై పోవును. రైతు చెమటయు అట్లే ఆవిరియై పోవును, లెక్కకు రాదు.

ఆ కల్లమున ఒక పరీక్ష యున్నది. బాగుగా ఎండిన కొమ్మును విరచినచో ఖంగుమని లోహముమీద కొట్టినట్లు ధ్వని వచ్చును. తడి మిగిలిన కొమ్ము మెత్తగా వంగును, పలుకదు. కన్ను మోసపోవచ్చును, చెవి మోసపోదు. ఇంటిపెద్ద సంగీతమునెరిగినవాడు కావున ఈ పరీక్షను ఆయన పాటకుడు శ్రుతిని వినినట్లు వినును. కుప్పనుండి నాలుగు కొమ్ములు తీసి విరచి, ఒకటి పలుకక పోయినచో, మరి రెండు దినములు ఎండబెట్టుడని చెప్పును. బండి సిద్ధముగా నున్నది, గంజులో నేడు ధర యున్నది, రేపు ఉండునో ఉండదో తెలియదు. కుమారులు తొందరపడుదురు. తడితో తూకము పెరుగును గదా, కొనువాడు చూచుకొనునులే యందురు. ఆయన కదలడు. తడి పసుపు బస్తాలో బూజుపట్టును. కొన్న వర్తకుని నష్టమును తన లాభముగా ఇంటికి తెచ్చుకొనుట ఆయనకు అన్నమును అపవిత్రము చేసికొనుటతో సమానము.

ఇచట నులియ చందయ్య కథ స్మరింపదగినది. ఆయన గడ్డికోసి, త్రాళ్లు పేని, వాటినమ్మి జంగమదాసోహము చేయువాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడెను. చందయ్య పని మానలేదు. లింగమే తన్ను వెంబడించినను, కాయకము చేయని లింగము తనకు వలదని పలికెను. చివరకు లింగమే త్రాళ్లనమ్ముటకు పూనుకొనవలసి వచ్చెనని సంప్రదాయకథ. బసవేశ్వరుడు ఆ త్రాళ్లకు తగిన ధరకంటె ఎంతయో ఎక్కువ ఇచ్చెను. చందయ్య దానిని స్వీకరింపలేదు. త్రాటి విలువ ఎంతయో అంతయే తనకు చెల్లునని తిరస్కరించెను. తక్కువ ధరకు వాదులాడు వర్తకులను లోకమెరుగును. ఎక్కువ ధరను వలదనువాడు శరణుడు. అడ్తి దుకాణములో కూర్చుండు ప్రతి వీరశైవుడును ఈ కథను త్రాసుప్రక్కన పెట్టుకొనవలెను.

అయినను కాయకము చేయువానికి కష్టము రాకుండునని శరణులు ఎన్నడును చెప్పలేదు. పసుపు ధరలు ఎట్లు ఎక్కి ఎట్లు పడినవో ఆర్మూరు ప్రాంతపు రైతులెరుగుదురు. 2019 ఫిబ్రవరిలో వారు పసుపునకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కోరుచు రహదారిమీద బైఠాయించిరి. ఆ యేట లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమున 185 మంది అభ్యర్థులు నిలువగా, వారిలో 170 మందికి మించి రైతులే. 2025 జనవరి 14వ తేదీన జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. న్యాయమైన ధరను సంఘముగా కోరుట ధర్మమే. దానిని కాయకమునకు విరుద్ధమని ఎవరును తలపరాదు. కాని ధర పడినప్పుడు కొమ్ములకు రంగు పూయుదమని, పొడిలో హానికరమైన పసుపుపచ్చ రసాయనము కలుపుదమని ఎవడేని వచ్చి చెప్పినచో, ఆ యింటి పెద్ద ఏమనును? ఈ పసుపు ఎవరో తల్లి పసిబిడ్డకు పాలలో కలిపి త్రాగించును, ఎవరో కన్యకు పెండ్లినాడు పూయుదురు, అది తెలిసి విషము కలుపువాని చేతిలో లింగము నిలుచునా యని అడుగును. నష్టము రైతును పేదవానిని చేయును. కల్తీ ఆయనను శరణుడు కాకుండ చేయును. ఈ రెంటిలో ఏది తిరిగి సంపాదింపదగినదో వివేకులు యోచింతురుగాక.

ఇక గానమును విచారింతము. కొందరు, ఇంతటి కష్టజీవికి సంగీతమేల, అది తీరుబడి గలవారి విలాసము గదా, యందురు. శరణచరిత్ర ఈ మాటను అంగీకరింపదు. కిన్నర బ్రహ్మయ్యను స్మరింపుడు. కన్నడ సంప్రదాయము ఆయనను స్వర్ణకారుడని చెప్పును. ఆయన బంగారుపని విడిచి కిన్నర చేతబట్టి, శివుని యెదుట వాయించుటయే కాయకముగా చేసికొనెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆయన కథను ద్విపదలో గానము చేసెను. బసవేశ్వరుడు ఒకనాడు ఉల్లిని తక్కువచేసి మాటలాడగా, ఉల్లి వండి జంగములకు పెట్టు బ్రహ్మయ్య మనస్సు నొచ్చెను. మంత్రియైన బసవేశ్వరుడు తన తప్పును గ్రహించి, ఉల్లికే ఉత్సవము చేసి, ఆ గాయకుని ప్రసన్నుని చేసికొనెను. నేలలో పుట్టి, చేతికి వాసన పట్టించు దుంపకు శరణసంఘమున ఇంతటి గౌరవము లభించెను. పసుపు దుంపను త్రవ్వి చేతులు పచ్చబడిన ఆర్మూరు గృహస్థు ఈ కథ వినినప్పుడు తన చేతులను చూచుకొని సంతసింపడా?

సోమనాథుడే పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, శంకర పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని జనులు పాడుకొను పాటల పేర్లను పేర్కొనెను. శ్రీశైలయాత్ర చేయు భక్తులు పాడుచు నడచిరి. పొలమున, దారిన, రోటియొద్ద పాడిన పాటలవి. మహాకవి వానిని తక్కువచేయక తన కావ్యమున నిలిపెను. పొరుగున మరాఠ్వాడా వీరశైవులు మన్మథస్వామి అభంగములను నేటికిని పాడుచున్నారు. అనగా గానము మన సంప్రదాయమున ఆభరణము కాదు, ఆహారము.

ఇటీవలి కాలమున గదగు పట్టణపు వీరేశ్వర పుణ్యాశ్రమమును చూడుడు. హానగల్ కుమారస్వాముల ప్రోత్సాహమున విద్య నేర్చిన పంచాక్షరి గవాయి (1892-1944) కన్నులు లేనివాడు. కర్ణాటక, హిందుస్థానీ సంగీతములు రెంటిలోను ప్రావీణ్యము సంపాదించి, అంధబాలురకు అన్నముపెట్టి సంగీతము నేర్పెను. ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయి (1914-2010) కూడ అంధుడే. గురువు పిమ్మట దశాబ్దములపాటు ఆ ఆశ్రమమును నడపెను. లోకము భిక్షకు విడిచిపెట్టిన బాలురు అచట గాయకులై, తమ కాయకముతో తాము బ్రదికిరి. ధారవాడ మల్లికార్జున మన్సూర్ (1910-1992) దేశము మెచ్చిన హిందుస్థానీ గాయకుడైనను శరణుల వచనములను పాడుట మానలేదు. వారి గానమునందు సంగీతము దాసోహమైనది.

కాని ఇచట ఒక హెచ్చరిక కలదు. నాదముచేతనే గాని వేదముచేతనే గాని శివుడు వశుడగునని భ్రమపడవలదనియు, భక్తియే ఆయనకు ప్రియమనియు బసవేశ్వరుడు బోధించెను. రావణుడు గొప్పగా పాడెను, ఏమి మిగిలెను? కంఠము మధురమై నడవడి కఠినమైనచో పాట గాలిలో కలిసిపోవును. బసవేశ్వరుడే మరియొకచోట తన దేహమునే వీణగా చేసికొని వాయింపుమని కూడలసంగమదేవుని వేడుకొనెను. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. వాద్యము వేరుగా, వాయించువాడు వేరుగా ఉన్నంతవరకు అది విద్య. బ్రదుకే వాద్యమైనప్పుడు అది భక్తి. కల్లమున కొమ్ము పలుకుటను, శ్రుతిపెట్టెలో స్వరము పలుకుటను ఒకే చెవితో విను పెద్దకు ఈ రెండును వేరుకావు. లోపల తడి యుంచుకొని పైకి ఎండినట్లు కనబడు కొమ్మువంటిదే లోపల కపటముంచుకొని పాడు పాట.

ఇంతవరకు చెప్పినది ఆ పెద్ద సుగుణములు. స్మరణయనగా స్తోత్రము కాదు, సత్యము. కష్టజీవులైన పెద్దలలో తరచుగా కనబడు దోషమొకటి కలదు. తాము అలయనందున ఇతరులును అలయరాదని తలంతురు. జ్వరముతో నున్న కొడుకును కల్లమునకు పంపుదురు. రేయి పదిగంటలకు పదిమంది భజనకు వచ్చినచో, వారికి వండిపెట్టు ఇల్లాలు ఆ పాటను వంటింటిగోడ వెనుకనుండియే వినును. ఆమెయు ఉదయమునుండి పసుపు ఏరినదేయని ఆయనకు తోచదు. కొమ్ము పలుకక పోయినచో వెంటనే వినిన చెవి, ఇల్లాలి మౌనమును నలుబదియేండ్లు వినలేదు. ఇది చిన్నదోషము కాదు.

ఆయ్దక్కి లక్కమ్మ కథ ఇట్టి పెద్దలకొరకే నిలిచియున్నది. ఆమె భర్త మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజల నేరుకొని వచ్చుటను కాయకముగా చేయువాడు. ఒకప్పుడు అనుభవగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. లక్కమ్మ గుర్తుచేసి పంపెను. మరియొకప్పుడు నాటి అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. ఈ అధికము మనకెందుకు, ఆశ శివభక్తులకు తగునా యని లక్కమ్మ ఆ బియ్యమును తిరిగి అచటనే పోసిరమ్మని పంపెను. చూడుడు, గోష్ఠి ఎక్కువై కాయకము తగ్గినను తప్పే, కాయకము ఎక్కువై ఆశగా మారినను తప్పే. ఈ రెండు తప్పులను పట్టినది పండితుడు కాదు, ఇల్లాలు. మారయ్య గొప్పతనము బియ్యమేరుటలో లేదు, భార్యమాట వినుటలో నున్నది. లక్కమ్మ వచనములు నేటికిని శరణసాహిత్యమున వెలుగుచున్నవి. వీరశైవ గృహమున స్త్రీకి లింగదీక్షయందు సమానత్వముండగా, పాటయందు, పంటలెక్కయందు లేకుండుట ఎట్లు న్యాయము?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఆ పెద్ద లింగైక్యము చెందెను. దేహమును కూర్చుండబెట్టి, లింగమును కరమున నుంచి, సమాధి చేసిరి. మరునాటి సాయంకాలము శ్రుతిపెట్టె మూలనున్నది. దానిపై బట్ట కప్పిరి. ఇంటిలో చావు జరిగినది, ఏడాదిపాటు పాట కూడదని చుట్టములు చెప్పిరి. మనుమరాలు ప్రతి సంధ్యను ఆ పెట్టెవైపు చూచును, పెద్దల ముఖములు చూచి ఊరకుండును. తాత నేర్పిన వచనములు ఆమెకు ఇరువదికి మించి వచ్చును. ఏడాది మూగపోయిన కంఠమున వానిలో ఎన్ని నిలుచును?

శరణధర్మము ఇచట స్పష్టముగా పలుకును. లింగధారులకు పంచసూతకములు లేవు. జననసూతకము లేదు, మరణసూతకము లేదు. పిండప్రదానముతో తృప్తిపడు ప్రేతము లేదు. లింగమున కలిసినవానికి మైల ఎక్కడిది? దుఃఖము సహజము, దానిని ఎవరును నిషేధింపలేదు. కన్నీరు రానిండు. కాని దుఃఖము వేరు, సూతకము వేరు. లేని మైలను కల్పించుకొని, ఆ పెద్ద బ్రదుకంతయు పెంచిన దానిని ఆయన పేరిటనే అణచివేయుట స్మరణ కాదు, విస్మరణ. కావున ఆ సంధ్యయే బట్ట తీయవలెను. మనుమరాలిచేతనే మొదటి వచనము పాడింపవలెను. ఆమె కంఠము నడుమ తెగిపోవచ్చును. తెగిన చోట నాయనమ్మ అందుకొనును. నలుబదియేండ్లు గోడవెనుక విని విని ఆమెకు అన్నియు వచ్చును. ఇన్నాళ్లు ఎవరును అడుగలేదు, అంతియే. ఆ యింట జరుగవలసిన మొదటి గణారాధన అదియే.

రెండవది లెక్కల పుస్తకము. అందులో హమాలీలు, కూలీలు, చిన్నరైతులు తీసికొనిన చేబదుళ్లు వ్రాయబడియుండును. కొన్నిటిని ఆయన అడుగక విడిచిపెట్టియుండును. కుమారులు పంపకమునకు కూర్చుండినప్పుడు ఆ పుటలు తెరువక తప్పదు. ఇవ్వగలవారియొద్ద న్యాయముగా తీసికొనుట దోషము కాదు. పిల్లకు వైద్యముకొరకు అప్పుచేసి, పంటపోయి కూర్చుండినవానిని వేధించి వసూలుచేయుట మాత్రము తండ్రి పుటలను తండ్రికి విరోధముగా చదువుట. అట్టి పుటలను దాసోహముగా కొట్టివేసినచో, ఆనాటి విందుకంటె అది శివునకు ప్రియము. పొలము పంచునప్పుడు కుమార్తెలను పిలిచి వారి మాట కూడ వినవలెను.

మూడవది కాయకము. సంతానమందరును పసుపే పండింపవలెనని ఎవరును విధింపరు. ఒకడు హైదరాబాదులో ఉద్యోగియై యుండును, ఒకతె ఉపాధ్యాయినియై యుండును, ఒకడు గల్ఫుదేశమున కష్టపడుచుండును. వృత్తి మారవచ్చును, పరీక్ష మారదు. తాను చేసిన పనిని విరచి చూచినప్పుడు ఖంగుమని పలుకుచున్నదా, లేక లోపల తడి యున్నదా? ఈ ప్రశ్నను ప్రతిరాత్రి తన్ను తానడుగుకొను వానియందు ఆ పెద్ద జీవించియే యున్నాడు.

గుట్టమీది దేవాలయమును చూచుటకు జనులు మెట్లెక్కి పోవుదురు. అది మంచిదే. కాని స్థావరమునకు నాశము కలదనియు జంగమమునకు లేదనియు బసవేశ్వరుడు బోధించెను. ఇంటిపెద్దకు రాతితో గద్దె కట్టినను అది ఒకనాడు శిథిలమగును. ఆయన సత్యము మనుమల చేతులలోనికి, ఆయన పాట మనుమరాండ్ర కంఠములలోనికి నడచిపోయినచో దానికి చేటు లేదు. కావున ఈ పుటలను చదువు ప్రతి కుటుంబమును రాబోవు బసవజయంతికి ఒక పని చేయుదురుగాక. ఇంట పెద్దలు జీవించియుండగనే వారి ప్రక్కన కూర్చుండి, వారెరిగిన వచనములను పదములను వ్రాసికొనుడు. వారి కాయకపు మెలకువలను అడిగి తెలిసికొనుడు. వంటింటిగోడ వెనుకనున్న తల్లిని ముందు పిలువుడు, ఆమెచేత మొదట పాడింపుడు. పోయిన పిమ్మట పొగడుటకంటె ఉన్నప్పుడు వినుట గొప్ప దాసోహము.